40 ఏళ్ల రైలింజిన్‌కు కొత్త చిప్: రెడీమేడ్ వద్దు, మీరే బిగించండి

నా డెస్క్ మీద ఇప్పుడు రెండు గ్యాడ్జెట్లు ఉన్నాయి. ఒకటి ఐదేళ్ల కిందట కొన్న ఫోన్. స్క్రీన్ బాగుంది, బ్యాటరీ పర్లేదు, కానీ అప్‌డేట్లు ఎప్పుడో ఆగిపోయాయి. బ్యాంక్ యాప్ ఇవాళో రేపో 'ఈ ఫోన్‌లో పనిచేయను' అనేలా ఉంది. రెండోది 1980ల నాటి అమెరికన్ మోడల్ రైలింజిన్. వయసులో నాకంటే పెద్దది. పోయిన నెలలో దాంట్లో కొత్త చిప్ బిగించాను. ఇప్పుడది సొంత అడ్రస్‌తో, డిజిటల్ కమాండ్లు తీసుకుని, నత్తలా మెల్లగా కదలడం దగ్గర్నుంచి ఫుల్ స్పీడ్ దాకా చెప్పినట్టు వింటోంది.

ఈ రెండింట్లో ఏది పాతబడిపోయిందంటారు?

ఆ చిప్ పేరు డీసీసీ డీకోడర్. మోడల్ రైల్వే హాబీలో దీని గురించి ఎప్పుడూ ఒక వాదన నడుస్తూ ఉంటుంది: డీకోడర్ ఫ్యాక్టరీలోనే పెట్టి వచ్చే ఇంజిన్ కొనాలా, లేక పాత ఇంజిన్‌కు మనమే బిగించుకోవాలా? నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. మొదటి ఇంజిన్‌కైనా మీరే బిగించండి. డబ్బు మిగులుతుందని కాదు, అంతగా మిగలదు కూడా. ఒక గ్యాడ్జెట్ నిజంగా మనదంటే ఎలా ఉంటుందో చూడటానికి ఇంతకంటే మంచి దారి నాకు ఇంతవరకు కనిపించలేదు.

అసలు డీకోడర్ ఏం చేస్తుంది?

మామూలు మోడల్ రైలు చాలా సింపుల్. పట్టాల్లోకి 0 నుంచి 12 వోల్టుల డీసీ కరెంట్ ఇస్తాం. వోల్టేజ్ పెంచితే స్పీడ్ పెరుగుతుంది, ప్లస్ మైనస్ తిప్పేస్తే రైలు వెనక్కి వెళ్తుంది. సమస్య ఏంటంటే, ఒకే ట్రాక్ మీద రెండు ఇంజిన్లు పెడితే రెండూ కలిసే కదులుతాయి, కలిసే ఆగుతాయి. ఒకదాన్ని ఆపి ఇంకోదాన్ని నడపాలంటే ట్రాక్‌ను ముక్కలుగా విడగొట్టి ఒక్కో ముక్కకు ఒక్కో స్విచ్ పెట్టుకోవాలి.

డిజిటల్ కమాండ్ కంట్రోల్, అంటే డీసీసీ, వచ్చాక ఈ తలనొప్పి పోయింది. ట్రాక్‌లో ఎప్పుడూ ఫుల్ వోల్టేజ్ ఉంటుంది. 1:87 సైజులో ఉండే హెచ్‌ఓ స్కేల్ రైళ్లకైతే సాధారణంగా 14, 15 వోల్టులు. ఆ కరెంటే డేటాను కూడా మోసుకెళ్తుంది. పోలారిటీ గబగబా అటూ ఇటూ మారుతూ ఉంటుంది. ఒక్కో సగం 58 మైక్రోసెకన్లు ఉంటే అది 1, 100 మైక్రోసెకన్లు లేదా అంతకంటే ఎక్కువ ఉంటే అది 0. కమాండ్ స్టేషన్ ముందు కనీసం 14 ఒకట్లు వరసగా పంపుతుంది. అది 'వినండి, ప్యాకెట్ వస్తోంది' అని చెప్పడం. తర్వాత అడ్రస్ బైట్, కమాండ్ బైట్, చివర్లో ఆ రెండింటినీ ఎక్స్ఓఆర్ చేసిన చెక్ బైట్. డేటా కమ్యూనికేషన్ సబ్జెక్ట్ పాసైన ఎవరైనా దీన్ని ఒక సాయంత్రంలో కాగితం మీద గీసేయొచ్చు.

ఇంజిన్ లోపల కూర్చున్న డీకోడర్, బొటనవేలి గోరుకంటే కాస్త పెద్ద బోర్డు, తన అడ్రస్ ఉన్న ప్యాకెట్‌ను మాత్రమే పట్టించుకుంటుంది. ట్రాక్ కరెంట్‌ను రెక్టిఫై చేసుకుని, మైక్రోకంట్రోలర్‌తో ప్యాకెట్ చదివి, హెచ్-బ్రిడ్జ్ ద్వారా మోటార్‌కు పీడబ్ల్యూఎం ఇస్తుంది. మంచి డీకోడర్లయితే మోటార్‌కు క్షణంపాటు కరెంట్ ఆపి, తిరుగుతున్న మోటార్ పుట్టించే వోల్టేజ్‌ను కొలుస్తాయి. దాన్నిబట్టి స్పీడ్ సరిచేస్తాయి. కారులో క్రూయిజ్ కంట్రోల్ లాంటిదన్నమాట. పాత ఇంజిన్ కూడా ఎగుడుదిగుళ్లలో ఒకే స్పీడ్‌లో పోవడానికి కారణం ఇదే.

ఈ పద్ధతికి పునాది వేసింది 1980ల చివర్లో జర్మనీకి చెందిన లెంజ్ ఎలక్ట్రానిక్. 1990ల మొదట్లో అమెరికాలోని నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్, అంటే ఎన్ఎంఆర్ఏ, దీన్ని ఓపెన్ స్టాండర్డ్‌గా చేసింది. ఈ విషయం గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

నా ఇంజిన్, నా పొగ

మా బాబాయ్ టెక్సస్‌లో ఉంటారు. ఆ మధ్య వచ్చినప్పుడు అక్కడి ట్రైన్ షోలో కొన్న సెకండ్‌హ్యాండ్ ఇంజిన్ ఒకటి తెచ్చారు. "చిన్నప్పుడు కాచిగూడ స్టేషన్‌కు తీసుకెళ్తే ఇంటికి రానని ఏడ్చేవాడివి కదరా, ఇదిగో" అని చేతిలో పెట్టారు. అథెర్న్ కంపెనీ ఎస్‌డీ40-2. ఆ కంపెనీ ఒకప్పుడు నీలం రంగు డబ్బాల్లో అమ్మిన ఈ పాత మోడళ్లను హాబీలో అందరూ 'బ్లూ బాక్స్' అంటారు.

వీటిలో డీకోడర్ పెట్టడానికి సాకెట్ ఉండదు. డిజైన్ అయ్యేనాటికి డీసీసీయే లేదు కాబట్టి ఉండదు. ఇనుపముక్కలా బరువుండే లోహపు చట్రం, అంటే చాసిస్, ఒక వైరులా పనిచేస్తుంది. ఒక పట్టా నుంచి వచ్చే కరెంట్ చాసిస్ గుండా మోటార్ కింది క్లిప్‌కు చేరుతుంది. రెండో పట్టా కరెంట్ పైనున్న పొడవాటి రేకు మీదుగా మోటార్ పై క్లిప్‌కు వెళ్తుంది. వైర్లు దాదాపు అక్కర్లేదు. డీసీ కాలానికి ఇది నిజంగా తెలివైన డిజైన్.

డీసీసీకి మాత్రం ఇదే అసలు గండం. పట్టాకూ మోటార్‌కూ మధ్య డీకోడర్ ఒక్కటే ఉండాలి. మోటార్ ఏ వైపు నుంచైనా చాసిస్‌ను తాకిందంటే ట్రాక్‌లోని ఫుల్ కరెంట్ వెనక నుంచి డీకోడర్ అవుట్‌పుట్‌లోకి దూరుతుంది.

నాకు ఇది తెలుసు. చదివాను. అయినా మోటార్ కింది క్లిప్‌కు ఉన్న రేకు కొసలను కోసేయకుండా, మళ్లీ అవసరమైతే ఉంటాయని, మడిచి పైన టేప్ అంటించాను. మల్టీమీటర్ పక్కనే ఉంది. 'వైరింగ్ అంతా కళ్ల ముందే ఉంది కదా, మళ్లీ చెక్ ఎందుకు' అనుకున్నాను. సరాసరి మెయిన్ ట్రాక్ మీద పెట్టి పవర్ ఆన్ చేశాను. రెండు సెకన్లు కూడా పట్టలేదు. మడిచిన కొస పైకి లేచి టేప్‌ను చీల్చుకుని చాసిస్‌ను తాకింది. హాల్లోంచి నాన్న గొంతు వినిపించింది: "ఏంట్రా, ఏదో మాడుతోంది?"

మాడింది దాదాపు 4 వేల రూపాయలు. బయటి దేశం నుంచి తెప్పించుకోవాలి కాబట్టి ఇంకో మూడు వారాల ఎదురుచూపు. తప్పు డీకోడర్‌ది కాదు, ఇంజిన్‌దీ కాదు. టెస్ట్ రాయకుండా ప్రొడక్షన్‌లోకి పంపినవాడిది. ఆఫీసులో జూనియర్లకు నేనే రోజూ చెప్పే మాట ఇది.

రెండోసారి ఎలా చేశానంటే

మీలో ఎవరైనా ప్రయత్నించేటట్టయితే ఈ వరస మార్చకండి.

ముందు ఇంజిన్‌ను మామూలు డీసీ మీద నడిపి చూడండి. డీసీ మీద ఆగుతూ, వణుకుతూ పోయే ఇంజిన్‌ను డీకోడర్ బాగుచేయదు. చక్రాలు తుడవండి, గేర్లకు పాత గ్రీజు తీసి కొత్తది రాయండి.

తర్వాత స్టాల్ కరెంట్ కొలవండి. 12 వోల్టులు ఇచ్చి, మోటార్‌ను ఒక్క క్షణం తిరగకుండా పట్టుకుంటే ఎంత కరెంట్ తాగుతుందో మీటర్‌లో చూడాలి. పాత మోటార్లకు ఆకలి ఎక్కువ. నాది 1.1 ఆంపియర్లు చూపించింది. అందుకే రెండోసారి 1.5 ఆంపియర్ల డీకోడర్ తీసుకున్నాను.

ఆ తర్వాత మోటార్‌ను విడదీయడం. ఈసారి కింది క్లిప్ కొసలు కటింగ్ ప్లయర్‌తో కోసేశాను. మోటార్ కూర్చునే చోట వేడిని తట్టుకునే క్యాప్టన్ టేప్ రెండు పొరలు వేశాను. మల్టీమీటర్‌ను బీప్ మోడ్‌లో పెట్టి, మోటార్ రెండు కొనలనూ రెండు వైపుల చక్రాలతో ఒక్కొక్కటిగా చెక్ చేశాను. మొత్తం నాలుగు చెకింగ్‌లు, ఒక్కదానికీ బీప్ రాకూడదు. చాసిస్‌తో కూడా చూడండి. దీనికి పట్టే సమయం ఒక నిమిషం. ఆ నిమిషం విలువ నాకు 4 వేలు.

వైర్ల రంగులు కంపెనీని బట్టి మారవు, వాటికీ ఎన్ఎంఆర్ఏ స్టాండర్డ్ ఉంది. ఎరుపు కుడి పట్టాకు, నలుపు ఎడమ పట్టాకు. ఆరెంజ్, గ్రే రెండూ మోటార్‌కు. తెలుపు ముందు లైటు, పసుపు వెనక లైటు, నీలం లైట్లన్నింటికీ కామన్ ప్లస్. పాత బల్బు చాసిస్‌కు తగులుకుని ఉంటుంది కాబట్టి దాన్ని తీసేసి ఎల్ఈడీ, దానికో 1 కిలో ఓమ్ రెసిస్టర్ పెట్టాను. ప్రతి టంకం మీద హీట్‌ష్రింక్ ట్యూబ్ తొడగండి, ఒట్టి టేప్‌ను నమ్ముకోవద్దు.

చివరగా, పొరపాటున కూడా ముందే మెయిన్ ట్రాక్ ఎక్కించకండి. ప్రోగ్రామింగ్ ట్రాక్ అని వేరే ఉంటుంది. దాంట్లో కరెంట్‌కు పరిమితి ఉంటుంది కాబట్టి వైరింగ్ తప్పయినా డీకోడర్ బతికిపోయే అవకాశం ఎక్కువ. అక్కడ డీకోడర్ సెట్టింగుల్లో 8వ నంబర్ చదవమని అడిగాను. ఈ సెట్టింగులను సీవీలు అంటారు. 8వ సీవీలో తయారీదారు నంబర్ ఉంటుంది: లెంజ్ అయితే 99, జీమో అయితే 145, ఈఎస్‌యూ అయితే 151.

ఇక్కడో ముచ్చటైన విషయం ఉంది. జవాబు చెప్పడానికి డీకోడర్‌కు నోరు లేదు. అందుకని అది సుమారు 6 మిల్లీసెకన్లపాటు కనీసం 60 మిల్లీ ఆంపియర్ల కరెంట్ అదనంగా లాగుతుంది. మామూలుగా అందుకు మోటార్‌నే వాడుకుంటుంది. కమాండ్ స్టేషన్ ఆ తేడాను పసిగట్టి 'అవును' అని అర్థం చేసుకుంటుంది. బయటికి మనకు కనిపించేది ఇంజిన్ చిన్నగా ఉలిక్కిపడటం. 40 ఏళ్ల ఇంజిన్ అలా కొన్నిసార్లు ఉలిక్కిపడి, స్క్రీన్ మీద సరైన నంబర్ వచ్చినప్పుడు, నిజం చెప్తున్నా, ఏ ఫోన్ అన్‌బాక్సింగ్‌లోనూ అంత సంతోషం కలగలేదు.

అసలు పాయింట్ స్టాండర్డ్‌లో ఉంది

ఇప్పుడు నా సెటప్ చూడండి. ఇంజిన్ ఒక అమెరికన్ కంపెనీది, డీసీసీ పుట్టకముందు డిజైన్ చేసింది. డీకోడర్ ఇంకో కంపెనీది. కమాండ్ స్టేషన్ నేనే చేసుకున్నాను: ఆర్డ్యూనో మెగా బోర్డు, దాని మీద మోటార్ షీల్డ్, అందులో డీసీసీ-ఈఎక్స్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. సెట్టింగులు మార్చడానికి ల్యాప్‌టాప్‌లో జేఎంఆర్ఐ వాళ్ల డీకోడర్‌ప్రో, అదీ ఫ్రీ. రైలు నడిపే రిమోట్ ఏంటో తెలుసా? మొదట్లో చెప్పిన ఆ ఐదేళ్ల ఫోన్. 'ఇంజిన్ డ్రైవర్' అనే ఆండ్రాయిడ్ యాప్ వేసుకుని, ఇంట్లో వైఫై మీద జేఎంఆర్ఐకి కనెక్ట్ చేశాను. ఐఫోన్ ఉన్నవాళ్లకు వైథ్రాటిల్ ఉంది.

ఇంతమంది చేసిన ఇన్ని ముక్కలు కలిసి పనిచేస్తున్నాయి. ఎక్కడా అకౌంట్ క్రియేట్ చేయమని అడగలేదు, ఓటీపీ రాలేదు. కారణం ఒక్కటే. పట్టాల మీద 1 అంటే ఏంటి, 0 అంటే ఏంటి అన్నది 30 ఏళ్ల కిందటే అందరికీ కనిపించేలా రాసిపెట్టారు, దాన్ని ఇప్పటికీ మార్చలేదు. కొత్త ఇంజిన్లలో సాకెట్లకు కూడా స్టాండర్డ్‌లు ఉన్నాయి: 8 పిన్‌లది, 21 పిన్‌లది, చిన్న ఇంజిన్లకు నెక్స్ట్18. డీకోడర్ కాలిపోతే ఏ కంపెనీదైనా సరే, అదే సాకెట్‌ది తెచ్చి గుచ్చేయడమే.

సాఫ్ట్‌వేర్ ఫీల్డ్‌లో ఉన్నవాళ్లకు ఇంకో సంగతి చెప్పాలి. డీకోడర్‌ప్రో పనిచేయాలంటే ఏ డీకోడర్‌లో ఏ సీవీ ఏం చేస్తుందో వివరించే ఫైళ్లు కావాలి. వాలంటీర్లు కూర్చుని అవి రాశారు. ఒక కంపెనీ ఆ ఫైళ్లను తీసుకుని, లైసెన్స్‌లో అడిగినట్టు రాసినవాళ్ల పేరు చెప్పకుండా తన ప్రొడక్ట్‌లో వాడుకుంది. జేఎంఆర్ఐ మొదలుపెట్టినవాళ్లలో ఒకరైన ప్రొఫెసర్ రాబర్ట్ జేకబ్‌సన్ కోర్టుకెళ్లారు. 2008లో అమెరికా ఫెడరల్ సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు, ఫ్రీగా ఇచ్చిన కోడ్ అయినా ఓపెన్ సోర్స్ లైసెన్స్ షరతులు కాపీరైట్ చట్టం కింద చెల్లుతాయని తీర్పిచ్చింది. 'జేకబ్‌సన్ వర్సెస్ కాట్జర్' కేసు ఇదే. మన ప్రాజెక్టుల్లో లైసెన్స్ ఫైల్‌కు ఇవాళ ఉన్న విలువలో ఈ బొమ్మ రైళ్ల డీకోడర్ ఫైళ్లకూ కొంత వాటా ఉంది.

మరి బ్లూటూత్ ఇంజిన్లు?

డబ్బా తెరిచి, యాప్ వేసుకుని, వెంటనే నడిపించే బ్లూటూత్ రైళ్లు వస్తున్నాయి. పిల్లలకు, కొత్తవాళ్లకు అవి చాలా ఈజీ అని ఒప్పుకుంటాను. కమాండ్ స్టేషన్ ఖర్చు కూడా తప్పుతుంది.

కానీ ఒక్క ప్రశ్న వేసుకోండి. పదేళ్ల తర్వాత ఆ యాప్ ఉంటుందా? యాప్ స్టోర్‌లోంచి తీసేసిన రోజున ఆ ఇంజిన్ ఏమవుతుంది? స్మార్ట్ బల్బులు, స్మార్ట్ కెమెరాల విషయంలో సర్వర్ ఆపేస్తే ఏమవుతుందో మనం చూస్తూనే ఉన్నాం. అందుకే నా రూల్ ఇది: బ్లూటూత్ ఉంటే ఉండనీ, కింద డీసీసీ కూడా ఉండాలి. హార్న్‌బీ హెచ్ఎం7000 డీకోడర్లు ఇలాంటివే, యాప్‌తోనూ నడుస్తాయి, మామూలు డీసీసీ కమాండ్ స్టేషన్‌తోనూ నడుస్తాయి. యాప్ పోయినా రైలు ఆగదు. యాప్ ఒక్కటే దారి అయితే మాత్రం నేను కొనను.

డీసీసీకి లోపాల్లేవా? బోలెడు

పొగడ్తలే రాస్తే అది రివ్యూ అవదు. డీసీసీలో మామూలుగా డేటా ఒకవైపే పోతుంది. డీకోడర్‌కు కమాండ్ అందిందో లేదో స్టేషన్‌కు తెలియదు, అందుకే అదే ప్యాకెట్ మళ్లీ మళ్లీ పంపుతూ ఉంటుంది. తిరిగి మాట్లాడటానికి రైల్‌కామ్ అనే ఏర్పాటు తర్వాత వచ్చింది కానీ అన్ని డీకోడర్లలో, అన్ని స్టేషన్లలో ఉండదు. ట్రాక్ మీద దుమ్ము పడితే కరెంట్‌తో పాటు డేటా కూడా తెగిపోతుంది. మన ఊళ్ల దుమ్ముకు వారానికోసారి పట్టాలు తుడవాల్సిందే, లేదా కీప్-అలైవ్ కెపాసిటర్ అదనంగా పెట్టుకోవాలి.

సీవీల వ్యవహారమైతే 1990లలోనే ఆగిపోయింది. డీకోడర్ మొదట అడ్రస్ 3తో వస్తుంది. నా ఇంజిన్ క్యాబ్ మీద రాసిన 2626 అనే నంబర్‌ను అడ్రస్‌గా పెట్టాలంటే, 256తో భాగించి, భాగఫలం 10కి 192 కలిపి 17వ సీవీలో 202, శేషం 66ను 18వ సీవీలో రాయాలి. ఆపైన పొడుగు అడ్రస్ వాడమని 29వ సీవీలో బిట్లు కూడి 38 పెట్టాలి. నాలాంటి వాళ్లకు ఇది సరదా. మా బాబాయ్‌కి వివరిస్తే "ఒరేయ్, నాకు రైలు నడవాలి, అసెంబ్లీ లాంగ్వేజ్ వద్దు" అన్నారు. ఆయన మాటా కరెక్టే. డీకోడర్‌ప్రో ఈ లెక్కలన్నీ అదే చేసుకుంటుంది, కానీ దాన్ని సెటప్ చేసుకునే దాకా రావాలి కదా.

ఇక ఖర్చు. సౌండ్ లేని బేసిక్ డీకోడర్ బయట 20 నుంచి 40 డాలర్ల మధ్య దొరుకుతుంది, సౌండ్ ఉన్నదైతే 100 డాలర్లకు అటూ ఇటూ. దాని మీద షిప్పింగ్, కస్టమ్స్. చౌక హాబీ అని ఎవరైనా చెబితే నమ్మకండి.

ఎవరు చేయాలి, ఎవరు వద్దు?

టంకం పెట్టడం అసలు రాకపోతే మొదట 8 పిన్ సాకెట్ ఉన్న ఇంజిన్ తీసుకుని డీకోడర్ గుచ్చండి. అదీ మీరే బిగించినట్టే. అరచేతిలో పట్టే ఎన్ స్కేల్ ఇంజిన్‌తో మాత్రం మొదలుపెట్టకండి, లోపల వైరు దూర్చడానికే చోటుండదు. ఖరీదైన సౌండ్ డీకోడర్‌తో కూడా మొదలుపెట్టొద్దు. కాలితే ఒక్కటే కాలాలి, అదీ చవకది కాలాలి.

మల్టీమీటర్, సన్న మొన టంకం రాడ్డు, కాస్త ఓపిక ఉన్నవాళ్లు మాత్రం ఎక్కడైనా సాకెట్ లేని పాత ఇంజిన్ ఒకటి సంపాదించి విప్పండి. తప్పు చేస్తే వెంటనే తెలుస్తుంది, కారణం కళ్లకు కనిపిస్తుంది, సరిచేసుకునే వీలుంటుంది. మన జేబులోని ఫోన్ ఈ మూడింట్లో ఏదీ ఇవ్వదు.

నా 2626 నంబర్ ఇంజిన్‌లో ఇప్పుడున్న డీకోడర్ కూడా ఏదో ఒకరోజు పోతుంది. అప్పుడు అదే రంగుల వైర్లతో ఇంకోటి కొనుక్కొచ్చి, అవే నాలుగు చెకింగ్‌లు చేసి, మళ్లీ పట్టాలెక్కిస్తాను. దాన్ని నడిపే ఫోన్ అప్పటికి ఏదై ఉంటుందో మాత్రం చెప్పలేను.